'తమస్' ధారావాహికయందు ఆఘాతము - పాత్ర పరిణామము

పాత్ర పరిణామమును గూర్చి వ్రాయునపుడు నేటి విమర్శకులు 'ట్రౌమా' అను పదమును తఱచుగా వాడుచున్నారు. గ్రీకు భాషలో దీనికి గాయమని యర్థము. తొలుత దేహమునకు తగిలిన దెబ్బకే పరిమితమైన యీ మాట పిమ్మట మనస్సునకు తగిలిన దెబ్బకును చెల్లినది. మనము దీనిని ఆఘాతమందము. టెలివిజన్ ధారావాహికలను గూర్చిన వ్యాసములలో నిది యన్ని తాళములకు నొకే చెవివలె నుపయోగపడుచున్నది: పాత్ర క్రూరమైనచో బాల్యమున నొక గాయము, మౌనము వహించినచో మఱియొక గాయము. గాయము దొరికినంతనే పాత్ర బోధపడినదనుట సులభమేకాని సరియని మేము తలపము. మా యీ సంశయమునకు గోవింద్ నిహలానీ దర్శకత్వమున నిర్మింపబడి, 1988 జనవరిలో దూరదర్శన్‌లో ప్రసారము మొదలైన 'తమస్' ముఖ్యాధారము.

పేరున కనువాద మక్కఱలేదు. మూలము భీష్మ సాహ్ని హిందీ నవల. దానికి 1975లో సాహిత్య అకాడమి పురస్కారము లభించినది. సాహ్ని 1915లో రావల్పిండిలో జన్మించెను. దేశ విభజనకు ముందు, 1947 మార్చిలో, ఆ ప్రాంతమున జరిగిన మతకల్లోలములను దగ్గఱనుండి చూచెను. 1970లో మహారాష్ట్రమునందలి భివండిలో కల్లోలములు చెలరేగిన పిదప నచ్చటికి పోగా, పాడువడిన యా వీధులలో నాయనకు రావల్పిండి మరల కనబడెను. నవల యటుపిమ్మట పుట్టినది. ఇరువదిమూడేండ్లు మాటరాక యున్న గాయము వేఱొక యూరి గాయమును చూచి మాట నేర్చినదన్నమాట. ఇంతేకాదు, ధారావాహికలో నిల్లు విడిచి పాఱిపోవు వృద్ధుడైన హర్నామ్ సింగ్ పాత్రను రచయితయే ధరించెను.

కథ నత్థూతో మొదలగును. అతడు తోళ్లు బాగుచేసి బ్రతుకు నిరుపేద. పశువైద్యునికి కావలెనని చెప్పి యొక గుత్తేదారు (నవలలో నితడు మురాద్ అలీ) ఐదు రూపాయలిచ్చి యొక పందిని చంపుమనును. ఇఱుకు కొట్టులో రాత్రి యెల్ల నత్థూ ఆ పనితో పెనుగులాడును. తెల్లవాఱిన పిదప మసీదు మెట్లపై పంది కళేబరము కనబడును, పట్టణము రగులుకొనును. ఓంపురి యీ పాత్రను మాటలకంటె భుజముల వంపుతోను, తడబడు నడకతోను ఎక్కువగా నభినయించెను.

నత్థూకు తగిలిన దెబ్బ యెట్టిది? అతనినెవ్వరు కొట్టలేదు. అతడు చేసినది తెలియక చేసినది. తెలిసినది చేసిన తరువాత. మహాభారతమున యుద్ధము ముగిసి తర్పణములు విడుచు వేళ కుంతి నోట కర్ణుడు తన యన్న యని విన్న ధర్మజుని స్థితి యిట్టిదే. గెలుపు చేతిలో నుండగా దాని యర్థ మొక్క మాటతో తలక్రిందులైనది. తిక్కన తెనుగున చదివిన వారి కీ ఘట్టమును జ్ఞాపకము చేయనక్కఱలేదు. కాని ధర్మజుని దుఃఖము నాలకించుటకు వ్యాసుడు, కృష్ణుడు, అంపశయ్యపై భీష్ముడు ఉన్నారు, శాంతిపర్వమంతయు నున్నది. నత్థూకు భార్య కర్మో తప్ప వినువారు లేరు. గుత్తేదారు వీధిలో కనబడియు గుర్తెఱుగనట్లు సాగిపోవును. చెప్పుకొనుటకు చోటులేని యెఱుకయే నత్థూ ఆఘాతమని మా యభిప్రాయము.

ఇచట నవలకును ధారావాహికకును గల భేదము గమనింపదగినది. నవలలో నత్థూ మరణమును మనము చూడము. అతడప్పటికే చనిపోయెనని చివర నొక మాటగా తెలియును. శాంతియాత్ర బస్సులో నినాదములు చేయు మురాద్ అలీని గుర్తింపగలవాడు లేడు. ధారావాహికలో నత్థూ కుటుంబముతో పట్టణము విడిచి, దారిలో హర్నామ్ సింగ్ దంపతులను కలసి, గురుద్వారమును చేరును. సంధికై ధనము గొని వెడలు గ్రంథికి తోడుగా తానై పోయి ప్రాణము విడుచును. నిహలానీ యతనికి ప్రాయశ్చిత్తము నిచ్చెను. ప్రేక్షకునకు నిది యూఱట. నవలలోని యంతము కఠినతరమనియు, సత్యమునకు సన్నిహితమనియు మేము తలంతుము. అయినను పాత్ర దృష్టితో చూచినచో ఆ నడక యొక్కటే నత్థూ తెలిసి చేసిన పని.

రణవీర్ అను బాలుని కథ దీనికి ప్రతికూలము. గురువు వానిచేత కోడిని కోయించును. బాలుడు జుగుప్సతో వాంతి చేసికొనును, తుదకు కోయును. కొంతసేపటికి వాని నడకలో ధీమా వచ్చును. ఇచ్చట ఆఘాతము దైవవశమున వచ్చినది కాదు, శిక్షణగా నీయబడినది. దెబ్బతిన్నవాడు మెత్తబడుననుటయు, గట్టిపడుననుటయు రెండును సూత్రములు కాజాలవని యీ యొక్క దృశ్యము చాలును. నత్థూ చేతిలోనిదియు కత్తియే, రణవీర్ చేతిలోనిదియు కత్తియే.

ఇక రాజో. ఇల్లు పోగొట్టుకొని రాత్రియంతయు నడచిన హర్నామ్ సింగ్, బంతో ఒక ముసల్మాను ఇంటి తలుపు తట్టుదురు. ఆ యింటి పురుషులు దోపిడికి పోయియున్నారు. వారు తెచ్చిన పెట్టె వీరిదే యగును. రాజో వీరికి చోటిచ్చి రాత్రివేళ దాటించును. సురేఖా సీక్రీకి ఈ పాత్రకై జాతీయ పురస్కారము లభించినది. రాజోకు పూర్వ గాయమేదియు కవి చెప్పలేదు. ఆమె దయకు కారణము వెదకువాడు, రణవీర్ క్రౌర్యమునకు కారణము దొరికినదని తృప్తిపడువాడు, ఒకే పొరపాటు చేయుచున్నాడు.

ఈ ప్రసారమును నిలుపవలెనని కొందఱు న్యాయస్థానములకు పోయిరి. బొంబాయి ఉన్నత న్యాయస్థాన న్యాయమూర్తులు చూచి యనుమతించిరి. 1988లోనే సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించెను. పాత గాయమును రేపుదురన్న భయము నిరాధారమని మేమనము. అయితే నవలలో శరణార్థి శిబిరమున లెక్కలు వ్రాయు గుమాస్తా యొకడున్నాడు. వచ్చిన వారందఱును తమ కథ చెప్పబోవుదురు. అతనికి కావలసినది అంకెలు, ఎందఱు చచ్చిరి, ఎంత నష్టము. కథను విననొల్లని యా గుమాస్తాయే మమ్ము ఎక్కువ భయపెట్టినాడు.

ధారావాహిక చివర శిబిరమున కర్మోకు భర్త శవము కనబడును. అచ్చటనే ఆమె ప్రసవించును. బయట హర్నామ్ సింగ్, బంతో వేచియుందురు. శిశువు ఏడ్పుతోపాటు ఇరుమతముల నినాదములును వినబడును. పలువు రిందు ఆశను చూచిరి. మేము కర్మోను చూచుచున్నాము. పంది సంగతి తెలిసి బ్రతికియున్నవారు ఇప్పు డిద్దఱే: గుత్తేదారు, ఆమె.