ఊదర పెట్టే విద్య

వరికోతలు అయ్యాక కృష్ణా డెల్టాలో చేను ఖాళీ అవుతుంది గానీ గట్టు ఖాళీ కాదు. వెన్నులు కొరుక్కుపోయి బొరియల్లో దాచుకున్న ఎలుకలు అక్కడే కాపురముంటాయి. వరి నిలబడి ఉండగానే చల్లిన మినుము అప్పుడప్పుడే ఆకులేస్తుంటుంది. దానికీ ముప్పు ఆ గట్టు నుంచే. ఆ రోజుల్లో రైతు కబురు పెట్టేది ఎలుకలు పట్టే యానాదులకు. ఒక గునపం, ఒక మట్టికుండ, కాస్త నిప్పు. వాళ్ళ సరంజామా అంతే, మిగతాదంతా నేల మీద వాళ్ళకున్న ఎరుక.

ఆ విద్యను నేను మొదట చూసింది నా స్నేహితుడి ఇంటివాళ్ళ దగ్గర. యానాదుల పిల్లవాడు, మా తరగతే. సంక్రాంతి సెలవులిస్తే చాలు, ఇద్దరం వాళ్ళ నాన్న వెనక గట్ల మీద పడేవాళ్ళం. ఆయన రాగానే కుండ దించేవాడు కాదు. ముందు గట్టు ఆ కొస దాకా నడిచి చూసేవాడు. బొరియ దగ్గర మట్టి కుప్పగా తోడి ఉంటే అది పందికొక్కుది. మూతి మట్టితో పూడ్చి ఉంటే కొక్కు లోపలే ఉన్నట్టు. మూతి తెరుచుకుని సాలెగూడు పట్టి ఉంటే ఆ బొరియ పాడుబడినట్టే. “ముట్టుకుని చూడరా, ఈ మన్ను ఇంకా చల్లగా ఉంది. రాత్రే తోడింది” అనేవాడు నా స్నేహితుడు.

ఊదర పెట్టడంలో కిటుకంతా దారులు మూయడంలో ఉంది. ఒక బొరియకు గట్టుకు అటూ ఇటూ చాలా దారులుంటాయి. కంటపడిన వాటినల్లా తడిమట్టితో పూడ్చి, ఒకటి కుండకు, ఒకటి ఎలుకకు వదులుతారు. కుండ అడుగున చిన్న చిల్లి ఉంటుంది. లోపల గడ్డి కుక్కి నిప్పు వేసి, కుండ మూతిని బొరియకు ఆనించి, సందుల్లేకుండా బురద మెత్తి, అడుగు చిల్లికి నోరు పెట్టి ఊదుతారు. పొగ వెనక్కి రాదు, బొరియలోకే పోతుంది. కాసేపటికి ఏ గడ్డిదుబ్బు కింది నుంచో సన్నగా పొగ లేస్తుంది. అది మన కంటికి అందని దొంగదారి. పరుగెత్తి దాన్ని మడమతో తొక్కి మూయాలి. ఆ పని మా ఇద్దరిదీ. గట్టు మలుపు దగ్గర, నీళ్ళందని మెరక మీద నా స్నేహితుడు ముందే కాచుకుని ఉండేవాడు. పొగ చాలాసార్లు అక్కడే లేచేది.

పొగకు తాళలేని ఎలుక వదిలిన దారిన బయటపడేది, లేదంటే లోపలే సొమ్మసిల్లేది. అప్పుడు గునపం పడేది. నేను చెయ్యి దూర్చబోతే ఆయన ఆపేవాడు. “ఆగు బాబూ, ఎలుక ఉన్నచోట పాము కూడా ఉంటుంది.” తవ్విన అరలో వరివెన్నులు పేర్చినట్టు ఉండేవి. ఎలుక వాళ్ళకు కూర. దులిపిన గింజలూ వాళ్ళవే. ఎలుకకు ఇంతని రైతు ఇచ్చే కూలి వేరు.

ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి కలిసి దక్షిణ భారత కులాలు, తెగల మీద 1909లో తెచ్చిన గ్రంథం ఏడో సంపుటంలో యానాదుల ఈ పద్ధతి ఊదర అన్న మాటతో సహా ఉంది. ఆ కుండా, ఆ చిల్లీ ఈనాటికీ అవే.

నీళ్ళు నిలిచిన పొలంలో ఊదర పనిచేయదు. అక్కడికి ఎలుకలు పట్టే బుట్టలు కావాలి. వెదురుబద్దను విల్లులా వంచి, తాడు బిగించి, లోపల ఎర పెడతారు. ఎలుక ఎరను ముట్టగానే మీట జారి తాడు మెడకు బిగుసుకుంటుంది. సాయంత్రం పెట్టి తెల్లవారి తీస్తారు. ఏటవాలుగా కొరికిన దుబ్బులను బట్టి ఎలుక నడిచే బాట పోల్చుకుని ఆ దారిలోనే పెట్టాలి. లేకపోతే బుట్ట ఖాళీ.

ఈ విద్య విలువ ఎలుకల మందుతో పోల్చి చూస్తే తెలుస్తుంది. జింక్ ఫాస్ఫైడ్ ఎరను ఒకసారి రుచి చూసి బతికిన ఎలుక మళ్ళీ దాని జోలికి పోదు. బ్రోమాడయోలోన్ తిన్నది వెంటనే చావదు, కొన్ని రోజులు తిరుగుతుంది. ఆ ఎలుకను తిన్న గుడ్లగూబకూ ఆ విషం ఎక్కవచ్చు. ఏటా వందల ఎలుకలను ఊరికే పట్టిపెట్టే పక్షిని అలా పోగొట్టుకోవడం రైతుకే నష్టం. ఊదర పెట్టిన బొరియలో విషం మిగలదు. అయితే ఇది చేతిపని, ఒక్క రోజులో ఆయకట్టంతా తిరగలేరు. అందుకే అదను ముఖ్యం. వరి పొట్టకొచ్చాక ఎలుకల సంతతి పెరిగిపోతుంది. అంతకు ముందే పట్టాలి, పక్క రైతుతో కలిసి పట్టించాలి.

ఇలాంటి విద్యకు ఆసరా దొరికిన చోటూ ఉంది. తమిళనాడులో ఇరుళ తెగవారు 1978లో పాములు పట్టేవారి సహకార సంఘం పెట్టుకున్నారు. పాము విషం సేకరించి విరుగుడు మందు తయారీకి అందిస్తున్నారు. ఆ తెగకే చెందిన వడివేల్ గోపాల్, మాసి సదైయన్‌లకు 2023లో పద్మశ్రీ వచ్చింది. మన యానాదుల విద్యకూ అలాంటి ఆసరా కావాలి. చేతులకు తొడుగులు, కాళ్ళకు బూట్లు, ఎలుకజ్వరానికి వైద్యం, నోటితో ఊదే బాధ తప్పించే చిన్న తిత్తి ఇవ్వాలి. అన్నిటికన్నా ముందు కూలి లెక్క మారాలి. ఎలుకకు ఇంతని కట్టినంతకాలం, ఎలుకలు తగ్గిన ఏడు వాళ్ళకు పస్తే. నాట్లు పడగానే గట్లు వాళ్ళకు అప్పజెప్పి ఎకరానికి ఇంతని ఇస్తే, ఎలుక పుట్టకుండా చూడటమే వాళ్ళకు జీవనం అవుతుంది, రైతుకు పంట దక్కుతుంది.