అద్దానికి చెమట పట్టిన వేళ

డిసెంబరులో తెల్లారగట్ల నాలుగింటికి మదనపల్లె దగ్గరి అంగళ్లు టమోటా మార్కెట్లో బండి వెనక్కి తీయడం ఎంత కష్టమో డ్రైవర్నే అడగాలి. వెనక క్రేట్లు నిలువెత్తున ఉంటాయి. ఇక దిక్కు పక్క అద్దాలే. అవేమో మంచుకు తడిసి, పాలు పోసినట్టు తెల్లగా ఉంటాయి. క్లీనరు దిగి ‘రానీ, రానీ’ అంటూ బండిని తడతాడు. ‘ఆపన్నా’ అనేలోపే ఎవరిదో ఒక క్రేటు చితుకుతుంది.

తుడుచుకోవచ్చు కదా అంటారు. తుడుస్తారు. పాత పేపరు ఉండచుట్టి రుద్దితే గుడ్డకన్నా బాగా పోతుందట (ఈ కాలమ్‌కు అంతకన్నా నమ్మకమైన పాఠకులు లేరు). కొందరు కోసిన ఉర్లగడ్డ రుద్దుతారు, కొందరు బీడీ పొగాకు. కాసేపటికి మళ్లీ మొదటికే. సుమారు 700 మీటర్ల ఎత్తున్న మదనపల్లె చలి అలాంటిది. ఆ చల్లటి పొడిగాలి చూసే 1915లో ఆరోగ్యవరంలో క్షయ రోగులకు శానిటోరియం తెరిచారు. అద్దాలకు మాత్రం ఆ చలి పడదు. మబ్బులేని రాత్రి పలచటి గాజు తన వేడినంతా ఆకాశానికి వదిలేసి, చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుంది. గాలిలోని తేమ వచ్చి దానిమీదే వాలుతుంది. గాజును నాలుగు డిగ్రీలు వెచ్చగా ఉంచగలిగితే చాలు, వాలదు.

ఆ పని చేసేది అద్దం వెనక అంటించే హీటర్ పట్టీ. కాగితమంత పలచటి ప్లాస్టిక్ పొర, దానిమీద మెలికలు తిరిగిన సన్నటి లోహపు గీతలు, రెండు వైర్లు, వెనక జిగురు. 12 వోల్టుల మీద ఇరవై వాట్లు తింటుందేమో. హెడ్‌లైట్ బల్బులో మూడోవంతు. షికాగోలో మా మేనల్లుడి కారుకు ఇది కంపెనీలోనే బిగించి వచ్చింది. అక్కడ అది గడ్డకట్టిన మంచును కరిగించాలి, ఇక్కడ చెమట తుడిస్తే చాలు.

మా బావమరిది పికప్‌కు నేనే అంటిస్తానని దిగాను. హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి అద్దం ఊడదీశాను, స్పిరిట్‌తో తుడిచాను. అంతవరకు బాగానే ఉంది. పట్టీని ఒక అంచు నుంచి మెల్లగా దించుతూ, గుడ్డతో ఒత్తుకుంటూ పోవాలి. నేను ఒక్కసారే తెచ్చి అద్దిపెట్టాను. మరునాడు స్విచ్ వేస్తే మంచు అంచుల నుంచి కరుగుతూ వచ్చింది, నడుమ రూపాయి బిళ్లంత మచ్చ మాత్రం అలాగే తెల్లగా నిలబడిపోయింది. అక్కడ గాలి బుడగ చిక్కింది. గాలి వేడిని గాజుకు చేరనివ్వదు, అందుకని గాజు చల్లగానే ఉంటుంది, వెనక పట్టీ మాత్రం కాలిపోతుంది. వారానికి విప్పి చూస్తే ఆ చోట ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగింది.

అదే అద్దానికి రెండో పట్టీని పుంగనూరు రోడ్డులో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ అంటించాడు. అతని చేయి చూడాలి. బొటనవేలితో తడిమి, ఎక్కడ ఉబ్బిందో కళ్లు మూసుకుని చెప్పేస్తాడు. అద్దం మడిచినప్పుడు తెగకుండా వైరును ఒక చుట్టు వదులుగా వదిలాడు. ఇంజిన్ ఆపితే కరెంటు రాకుండా రిలే పెట్టాడు, ఫ్యూజు వేశాడు. ‘లారీకని చెప్పకుండా ఇదే పట్టీ కొనుక్కుపోతారు సార్’ అని నవ్వాడు. పెద్ద లారీల్లో 24 వోల్టులు. వోల్టేజి రెట్టింపైతే వేడి నాలుగు రెట్లు. అద్దం పగలకపోతే అదృష్టమే.

మొన్న మార్కెట్లో చూశాను. కుడి అద్దం నాలుగైదు నిమిషాల్లో తేటపడింది. ఎడమ అద్దం దగ్గర క్లీనరు పేపరు ఉండచుడుతున్నాడు. ‘ఆ పక్కది ఎప్పుడేస్తావు బావా?’ అన్నాడు మా బావమరిది, స్టీరింగ్ దగ్గర్నించి దిగకుండానే.