కలంకారీ పనివరుస: రచయితకు అందులోని పాఠాలు

శ్రీకాళహస్తి కలంకారీని చాలామంది గుడ్డ మీది అలంకరణగానే చూస్తారు గాని, ఏ పని ముందు చేయాలి, దేనిని ఆపి ఉంచాలి, ఏ దశలో దేనిని తొలగించాలి అన్న విషయాల్లో ఆ కళాకారులు పాటించే క్రమం రచన నేర్చుకునేవారికీ పనికివస్తుంది.

మచిలీపట్నం, పెడన ప్రాంతాల్లో చెక్క అచ్చులతో అద్దకం ప్రధానం కాగా, శ్రీకాళహస్తిలో కొనకు గుడ్డ చుట్టి దారంతో బిగించిన వెదురు కలంతోనే బొమ్మ వేస్తారు. కలం పట్టకముందే నూలు గుడ్డను శుభ్రంగా ఉతికి, కరక్కాయ పొడి, పాలు కలిపిన నీటిలో నానబెట్టి ఆరబెడతారు. కరక్కాయలోని వగరు పదార్థమైన టానిన్ తరువాత వేసే నలుపును నిలుపుతుంది. పాలలోని కొవ్వు ఆ నల్లగీతను గుడ్డపై పాకనీయదు. రచనలో ఈ పూర్వరంగానికి సాటివచ్చేవి చదువు, పరిశీలన. అవి పాఠకుడికి నేరుగా కనిపించవు గాని, అవి చాలనప్పుడు వాక్యం విషయాన్ని వదిలి పక్కకు పోతుంది.

తరువాత చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో, దులిపితే పోయేలా రూపురేఖలు గీసి, వాటి అమరిక కుదిరాకే ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో రోజుల తరబడి పులియబెట్టి తీసిన కసిమితో వాటిని స్థిరపరుస్తారు. కసిమిలోని ఇనుము కరక్కాయ టానిన్‌తో కలిసి నల్లగా మారుతుంది, ఇక ఆ గీతను చెరపడం కష్టం. చిత్తుప్రతిలో నిర్మాణం తేలకముందే వాక్యాలకు మెరుగులు దిద్దే రచయిత, కుదరని బొమ్మపై కసిమి గీసినట్టే, తన శ్రమపై మమకారంతో తప్పు నిర్మాణాన్ని వదులుకోలేకపోతాడు.

ఈ విద్యలో అన్నిటికన్నా సూక్ష్మమైనది ఎరుపు తెప్పించే పద్ధతి. ఎరుపు రావలసిన చోట కళాకారుడు నేరుగా ఎర్రరంగు పూయక, రంగును నూలుకు పట్టించే పటిక నీటిని పూస్తాడు. ఆరిన గుడ్డను పారే నీటిలో ఉతికి, మంజిష్ఠ వంటి వేళ్ల రంగుతో ఉడికించినప్పుడే, పటిక పడిన చోట ఎరుపు గాఢంగా తేలుతుంది. కథ చివరి పేజీలో పాఠకుడిని కదిలించే ఘట్టానికి బలం కూడా ఇలాగే, మొదట్లో మామూలుగా చెప్పి వదిలిన ఒక వివరం నుంచి వస్తుంది. దానిని ముందే పొదగకుండా చివర విశేషణాలు గుప్పిస్తే ఆవేశం మిగులుతుందే గాని అనుభూతి నిలవదు.

ఉతుకు కూడా ఒక్కసారితో ముగిసేది కాదు. పట్టని పటిక పూర్తిగా పోకపోతే, ఉడికేటప్పుడు ఎరుపు పక్కకు వ్యాపిస్తుంది కనుక, శ్రీకాళహస్తిలోని స్వర్ణముఖి నది ప్రవాహం ఈ కళకు పనిముట్టులాగే అవసరమైంది. పసుపు, నీలం తరువాతి దశల్లో చేరతాయి, మధ్యమధ్య మళ్లీ ఉతుకులు ఉంటాయి. రచనలోనూ సవరణను చివరికి అట్టిపెట్టక, ఒక్కో దశలో ఒక్కో దోషాన్ని తీయడం మేలు: మొదట క్రమం, ఆపైన అనవసరపు ప్రసంగం, చివర మాట.

1950లలో హస్తకళల ఉద్ధరణకు పూనుకున్న కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో పునరుజ్జీవం పొందిన ఈ కళలో ప్రసిద్ధుడు, 2008లో పద్మశ్రీ అందుకున్న జొన్నలగడ్డ గురప్పశెట్టి, చిత్రకారుడే కాక గ్రంథకర్త కూడా. ఆ రెండు పనులూ ఒకే చేతిలో కుదిరినా, వాటి మధ్య ఒక తేడా ఉంది: కసిమి గీత చిత్రకారుడిని తనంతట తానే జాగ్రత్తగా ఉంచుతుంది. ఎన్నిసార్లయినా కొట్టివేయగల వీలున్న రచయితకు ఆ కట్టడి బయటినుంచి రాదు. అందువల్ల కలంకారీ నుంచి అతడు ముఖ్యంగా గ్రహించవలసినది, ఒక దశ పూర్తికాకుండా తరువాతి దశకు పోకూడదన్న నియమాన్ని తనకు తానే విధించుకోవడం.