పక్కనే ఉన్నా దొరకని ఫైలు

రసీదుల మీద పేర్లను తెలుగులో వేసి పీడీఎఫ్ ఇచ్చే ప్రోగ్రాం ఒకటి సీ షార్ప్‌లో రాశాను. నా విండోస్ ల్యాప్‌టాప్‌లో అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. లినక్స్ సర్వర్ మీద పెట్టగానే, బొమ్మ గీయడానికి అది వాడే లిబ్‌స్కియాషార్ప్ అనే లైబ్రరీ లోడ్ కావడం లేదంటూ ఆగిపోయింది. వెళ్లి చూస్తే ఆ ఫైలు ఫోల్డర్‌లోనే ఉంది!

సీ షార్ప్ కోడ్‌ను ఒకసారి కంపైల్ చేస్తే డాట్‌నెట్ ఉన్నచోటల్లా నడుస్తుంది. కానీ ఇక్కడ వత్తులనూ గుణింతాలనూ కూర్చేది హార్ఫ్‌బజ్, గీసేది స్కియా. రెండూ సీ ప్లస్ ప్లస్‌లో రాసినవి. ప్రతి ఆపరేటింగ్ సిస్టమ్‌కీ ప్రతి ప్రాసెసర్‌కీ విడిగా కంపైల్ చేయాల్సిందే. అందుకే డాట్‌నెట్ లైబ్రరీలను అందించే న్యూగెట్‌లో ఇలాంటి ప్యాకేజీల్లో 'రన్‌టైమ్స్' అనే ఫోల్డర్ ఉంటుంది. అందులో విన్-ఎక్స్64, లినక్స్-ఎక్స్64, ఓఎస్‌ఎక్స్-ఆర్మ్64 అంటూ ఒక్కో యంత్రానికి ఒక్కో అర. లినక్స్‌కే రెండు అరలు కావాలి. ఆల్పైన్ అనే లినక్స్‌లో ఉండే సీ లైబ్రరీ, మిగతా చాలా లినక్స్‌లలో ఉండే జీలిబ్‌సీ కాదు, మజిల్. ఒకదాని కోసం కట్టిన ఫైలు రెండోదాని మీద సాధారణంగా నడవదు.

నా దగ్గర సరైన అరే ఉంది. చివరికి, ఒక ఫైలు ఏయే లైబ్రరీలను ఆనుకుందో చూపే 'ఎల్‌డీడీ' కమాండ్ కొట్టి చూస్తే, సిస్టమ్‌లోని ఫాంట్లను వెతికిపెట్టే లిబ్‌ఫాంట్‌కాన్ఫిగ్ ఎదురుగా 'నాట్ ఫౌండ్' అని కనబడింది. స్కియా ఫైలు వచ్చింది, అది ఆనుకున్న ఫైలు ఆ సర్వర్‌లో లేదు. ఇల్లు మారుతూ స్టవ్ తెచ్చుకుని రెగ్యులేటర్ పాత ఇంట్లో వదిలేసినట్టు. 'లేదా అది ఆధారపడే వాటిలో ఒకటి' అన్న మాట ఆ ఎర్రర్ సందేశంలోనే ఉంది. నా కన్ను ఫైలు పేరు దగ్గరే ఆగిపోయింది.

ఫాంట్‌కాన్ఫిగ్ అక్కర్లేని బిల్డ్‌ను, స్కియాను సీ షార్ప్‌కు అందించే స్కియాషార్ప్ 'నోడిపెండెన్సీస్' పేరుతో విడిగా ఇస్తుంది. దానికి మారాను. సిస్టమ్ ఫాంట్ల మీద ఆశ వదులుకుని, నోటో సాన్స్ తెలుగు ఫాంటును ప్రోగ్రాంతోపాటే పంపాను. వత్తులు మళ్లీ తమ చోట కూర్చున్నాయి.

ఈ విషయంలో పైథాన్ వాళ్ల పద్ధతి నాకు నచ్చుతుంది. ఒకే ప్యాకేజీ చాలా లినక్స్‌ల మీద నడిచేలా 2016లో 'మెనీలినక్స్' ఒప్పందం చేసుకుని, అప్పటికే పాతబడిన సెంటాస్ 5 అనే లినక్స్ మీద కంపైల్ చేయడం మొదలుపెట్టారు. కొత్త జీలిబ్‌సీ మీద కట్టింది పాతదాని మీద మొరాయించవచ్చు, పాతదాని మీద కట్టింది మాత్రం కొత్తదాని మీదా నడుస్తుంది. పాత యంత్రం ఉన్నవాణ్ని కూడా లెక్కలోకి తీసుకున్న పని అది.

మీరు ఇలాంటి ప్యాకేజీ కడుతుంటే, విడుదలకు ముందు ఏమీ ఇన్‌స్టాల్ చేయని రెండు కంటైనర్లలో, ఒకటి డెబియన్, ఒకటి ఆల్పైన్, ఒక్కసారి నడిపి చూడండి.