పన్నెండు డిస్కుల పంపకం

కొత్త సర్వర్ వచ్చిన రోజు ఎవరైనా ముందు వేసే లెక్క ఒకటే: 8 టెరాబైట్ల డిస్కులు పన్నెండు, అంటే 96. ఈ పనిలో తల నెరిసినవాళ్లు ఆ గుణకారం జోలికే పోరు. దీని మీద ఎన్ని వర్చువల్ మెషిన్లు నడుస్తాయి, వాటిలో డేటాబేస్‌లెన్ని అని అడుగుతారు.

ఎందుకంటే, నిమిషానికి 7,200 చుట్లు తిరిగే డిస్కుకు సగం చుట్టు తిరగడానికే 4 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. హెడ్డు చోటు మారడానికి ఇంకో ఎనిమిదో తొమ్మిదో. చెల్లాచెదురుగా ఉన్న చోట్ల పని చెబితే సెకనుకు 80కి అటూ ఇటూ పనులే. ఒక్క మెషిన్ వరసగా రాసుకుంటూ పోతే ఈ బలహీనత బయటపడదు. ముప్పై మెషిన్లు ఒకేసారి మీద పడితే, పైన ఎవరి వరస వారిదే అయినా డిస్కు దగ్గరికి వచ్చేసరికి అంతా కలగాపులగమే.

చిన్న డిస్కులను గుంపు కట్టి పెద్ద పని చేయించవచ్చని 1988లో బర్క్‌లీ నుంచి ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ ఒక పరిశోధన పత్రంలో వాదించారు. అదే రెయిడ్. ఆ పేరులోని ‘ఐ’ అక్షరానికి మొదటి అర్థం ‘చవకైన’ అని. తర్వాత అది ‘స్వతంత్ర’ అయింది. చవక అన్న మాట అమ్మేవాళ్ల నోటికి రుచించలేదేమో!

గుంపు కట్టే పద్ధతిని బట్టి ఫలితం మారుతుంది. మిర్రర్‌లో ఒక చిన్న రాతకు రెండు పనులు చాలు, జంట డిస్కుల్లో చెరొకటి. రెయిడ్ 6లో పాత డేటా, రెండు పాత ప్యారిటీలు (డిస్కు పోతే డేటాను తిరిగి రాబట్టే లెక్కలు) చదివి, మూడింటినీ మళ్లీ రాయాలి. మొత్తం ఆరు. మన పన్నెండు డిస్కులూ కలిసి సెకనుకు 960 పనులు చేయగలవనుకుంటే, మిర్రర్లలో 480 రాతలు, రెయిడ్ 6లో 160. స్థలం మాత్రం 48కి బదులు 80 టెరాబైట్లు. ఆ 80ని చూసి మోసపోయేవాళ్లే ఎక్కువ.

అసలు గమ్మత్తు జెడ్‌ఎఫ్‌ఎస్‌లో ఉంది. సన్ మైక్రోసిస్టమ్స్‌లో జెఫ్ బాన్‌విక్, మాథ్యూ అహ్రెన్స్ 2001లో మొదలుపెట్టిన ఈ ఫైల్ సిస్టమ్‌ను ఇవాళ వర్చువల్ మెషిన్లు నడిపే ప్రాక్స్‌మాక్స్ వాడేవాళ్లు చాలామంది ఎంచుకుంటున్నారు. రాసిన ప్రతి ముక్కకూ చెక్‌సమ్ ఉంచుకుంటుంది, పాత దాన్ని చెరపకుండా కొత్త చోట రాస్తుంది. దీనిలో రెండు ప్యారిటీల అమరిక రెయిడ్‌జెడ్2. మెషిన్‌కిచ్చే వర్చువల్ డిస్కును 8 కిలోబైట్ల బ్లాకులుగా కోశామనుకోండి. 4 కిలోబైట్ల సెక్టార్ల మీద అది రెండు డేటా సెక్టార్లు, రెండు ప్యారిటీ సెక్టార్లు. కానీ జెడ్‌ఎఫ్‌ఎస్ ఈ అమరికలో స్థలాన్ని మూడేసి సెక్టార్ల చొప్పునే కేటాయిస్తుంది. నాలుగు కాస్తా ఆరవుతుంది. 8 కిలోబైట్లు దాచడానికి 24 ఖర్చు! 80 వస్తాయని కట్టిన గుంపులో చివరికి దక్కేది 32, మిర్రర్ ఇచ్చే 48 కన్నా తక్కువ. బ్లాకు 16 కిలోబైట్లయితే 64 దక్కుతుంది. వర్చువల్ డిస్కు ఒకసారి తయారయ్యాక బ్లాకు సైజు మార్చడానికి వీల్లేదు కాబట్టి ఈ లెక్క ముందే కాగితం మీద తేలాలి.

అలాగని మిర్రర్‌ను నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. 8 టెరాబైట్ల డిస్కు ఒకటి పోతే, సెకనుకు 200 మెగాబైట్ల వేగంతో నింపినా కొత్తదానికి పదకొండు గంటలు. మెషిన్లు నడుస్తుంటే ఇంకా ఎక్కువ. ఆలోగా దాని జంట కూడా పోతే డిస్కులన్నీ కలిసిన మొత్తం పూల్ పోయినట్టే. రెయిడ్‌జెడ్2 ఏ రెండు డిస్కులు పోయినా తట్టుకుంటుంది. నన్నడిగితే డేటాబేస్‌లు, మెషిన్ల సిస్టమ్ డిస్కులు ఎస్‌ఎస్‌డీ మిర్రర్ల మీద ఉండాలి, పెద్ద ఫైళ్లు ఈ పన్నెండింటి మీద ఆరేసి చొప్పున రెండు రెయిడ్‌జెడ్2 గుంపులుగా. బూట్‌కు వేరే రెండు చిన్న డిస్కులు. ఎస్‌ఎస్‌డీలు కరెంటు పోయినా చేతిలో ఉన్న డేటాను దించుకునే కెపాసిటర్లున్న రకమే కావాలి. ‘రాయడం పూర్తయిందా’ అని డేటాబేస్ అడిగిన ప్రతిసారీ ఇంట్లో వాడే చవక రకం తెల్లమొహం వేస్తుంది. బ్యాకప్ ఈ పెట్టెలో కాదు, ఇంకో చోట.

ఉన్నదానికన్నా ఎక్కువ స్థలం పంచే థిన్ ప్రొవిజనింగ్ గురించి ఒక్కమాట. ఆ రెండు గుంపుల్లో దక్కే 64కి 90 టెరాబైట్ల మాట ఇచ్చేయొచ్చు, అందరూ ఒకేసారి అడగనంతవరకు. 80 శాతం దగ్గర అలారం పెట్టుకోవాలి.

ఇక చివరి పని చాలామంది చేయనిది. పూల్‌లో డిస్కులను ‘ఎస్‌డీసీ’ లాంటి పేర్లతో చేర్చకూడదు, రీబూట్‌తో అవి మారిపోవచ్చు. సీరియల్ నంబరుతో చేర్చి, అదే నంబరును స్టిక్కర్ మీద రాసి ట్రే ముందు అంటించాలి. అర్ధరాత్రి నిద్రకళ్లతో వచ్చినవాడు పాడైన డిస్కు వదిలేసి, బతికున్న దాని జంటను లాగకుండా ఆపేది ఆ స్టిక్కరే.