పోతన చిత్తరువు – దాని ప్రామాణ్యము

పోచంపల్లికి రాచకొండ మిక్కిలి దూరము కాదు. భాగవతమును దన కంకిత మిమ్మని సర్వజ్ఞసింగభూపాలుఁడు కోరఁగా పోతన యొల్లఁడాయె నను ఐతిహ్యము ఆ దుర్గపు ప్రభువులతో ముడివడి యున్నది. కావున ఈ సీమ పాఠశాలలలో పోతన పటము గోడ నుండుట వింత కాదు. ఆ పటమునే కవిజీవితమునకు సాక్ష్యముగా బోధించుట వింత. చేత హలమున్నది గావున కర్షకుఁడని బాలురకుఁ జెప్పుదురు.

15వ శతాబ్దికిఁ జెందిన యీ కవికి సమకాలికమైన చిత్తరువు గాని శిల్పము గాని లభింపలేదు. కవులందఱికి నీ కొఱఁత లేదు. ఆముక్తమాల్యదాకర్త యగు కృష్ణదేవరాయలు (పాలనము 1509–1529) తిరుమల యాలయమున దేవీద్వయముతో లోహమూర్తియై అంజలి ఘటించి నేఁటికిని నిలిచియున్నాఁడు. విగ్రహములపైఁ బేరులును గలవు. రాజునకు శిల్పి దొరకెను. రాజాశ్రయ మొల్లనివానికి దొరకలేదు.

ఇఁక గ్రంథ మేమి చెప్పుచున్నది? అవతారికలో పోతన తల్లిదండ్రులను, అన్నను బేర్కొనెను. చంద్రగ్రహణవేళ గంగలోఁ గ్రుంకి, యిసుకతిన్నెపై మహేశ్వరధ్యానము సేయుచుండఁగా రామభద్రుఁడు సాక్షాత్కరించినట్లు వర్ణించెను. ఆ రాముని కిరీటము, విల్లు, వెడఁదయురము, కన్నులు అన్నియుఁ బద్యమున రూపుగట్టినవి. తన రూపమును గూర్చి యక్కడఁ గవి చెప్పిన దొక్కటే: ఆ సమయమునఁ దన కన్నులు కొంచెముగా విచ్చియుండె నని. కవి స్వయముగా నిచ్చిన యీ లక్షణమును పటముల చర్చలో నెవ్వరును దలంపరు. ఆయన యీయని హలము మాత్ర మందఱికిఁ గావలెను.

ఆ హల మెక్కడిది? ఒక చాటుపద్యమునుండి వచ్చినది. అది భాగవతగ్రంథస్థము కాదు. అందలి హాలికశబ్దము బహువచనాంతము, సత్కవు లను సామాన్యముతో నన్వయించును. కావ్యకన్యకను అధముల కమ్ముటకంటె సేద్యమైనను మేలనుట తాత్పర్యము. ‘ఐన నేమి’ యనుట సంభావనయే కాని వృత్తినిర్ణయము కాదు. అదియునుగాక, ఆ పద్యమే అడవులలోఁ గందమూలములు త్రవ్వుకొనువారినిగూడఁ జెప్పుచున్నది. ఆ న్యాయమునఁ బోతనచేత గుద్దలియు నుంచవలసి వచ్చును. దానికిఁ జిత్రకారులు సాహసించినట్లు లేదు. పోతన సేద్యము చేయలేదని దీనివలనఁ దేలదు. చేసెనని పటమువలనను దేలదు. ఐతిహ్యమునుబట్టి పటము, పటమునుబట్టి ఐతిహ్యము: తార్కికులు దీనిని అన్యోన్యాశ్రయదోష మందురు.

చలనచిత్ర మీ చిక్కును బెంచెను. 1940ల తొలినాళ్ల ‘భక్త పోతన’లో చిత్తూరు నాగయ్య పోతన యయ్యెను, 1946లో ‘త్యాగయ్య’, 1947లో ‘యోగి వేమన’ యు నాయనయే. వేఱు వేఱు కాలములవారగు మువ్వురకు నొక్కటే ముఖము! నటునిది దోషము కాదు. అభినయమును చరిత్రగాఁ గైకొన్న ప్రేక్షకునిదే. 1980ల దశకమున హైదరాబాదు ట్యాంకుబండుపై నెలకొల్పిన పోతనవిగ్రహమును శిల్పి యూహయే.

పోచంపల్లి నేఁతగాండ్రు నూలునే ముందుగాఁ గట్టి రంగులద్ది పిదప మగ్గ మెక్కింతురు. బొమ్మ నేఁతతోఁగూడ వెలువడును. ఈ పటము లట్టివి కావు, నేసిన బట్టపై నద్దినవి. వానిని గోడనుండి తీయఁ బనిలేదు. క్రింద ‘ఊహాచిత్రము’ అని వ్రాసి, అవతారికలోని గంగాతీరవచనమును బాలురచేఁ జదివించినచో, ఆ యరవిచ్చిన కన్నులు వారికిఁ గానవచ్చును.