పక్కన కూర్చునే టీచర్

మూడేండ్ల పిల్ల చేతికి పలక ఇచ్చి ‘అ’ దిద్దించడం సులువే. ఆ పిల్ల ముందు మక్కగింజలు, చింతగింజలు కలిపి పోసి, ఏం చేస్తుందో చూస్తూ కూర్చోవడం కష్టం. ఎప్పుడు మాట అందించాలో, ఎప్పుడు ఊరుకోవాలో తెలియాలి. గింజ ముక్కులోకి పోకుండా ఓ కన్నేసి ఉంచాలి. గాంధారి మండలంలో అంగన్‌వాడీ టీచర్లతో మాట్లాడేకొద్దీ, ఆడించడమే వాళ్ల పనిలో పెద్ద విద్య అని నాకు గట్టిగా అనిపిస్తోంది.

ఆట దండగ అన్న టీచర్ నాకు తగల్లేదు. కానీ చాలామంది ఆటను పాఠం అయ్యాక ఇచ్చే సెలవులాగా చూస్తారు. వాళ్లను తప్పుపట్టలేను. ప్రైవేటు బడి బస్సు ఊళ్లోకి వస్తోంది. పక్కింటి పిల్ల ఎల్‌కేజీలో ఏబీసీడీలు రాస్తోంది. “ఆడుకోనికి ఇంటికాడ జాగ లేదా మేడం? జర సదువు చెప్పుర్రి” అని తల్లి అడిగితే టీచర్ ఏం చూపించాలి? పిల్లలు విడదీసిన గింజలు సాయంత్రానికి డబ్బాలోకి పోతాయి, రాసిన పేజీ మాత్రం మిగులుతుంది.

ఆటా, చదువా అన్న ఈ వాదన కాగితాల మీద ఎప్పుడో తీరింది. 1920లోనే విద్యావేత్త గిజుభాయి బధేకా భావనగర్‌లో ఆటలతో చదువు చెప్పే బాలమందిర్ నడిపి చూపించారు. 1975 అక్టోబరు 2న మొదలై అంగన్‌వాడీలను నడిపిస్తున్న ఐసీడీఎస్ పథకం సేవల్లో పూర్వ ప్రాథమిక విద్య ఒకటి. 2020 జాతీయ విద్యా విధానం చిన్నపిల్లల చదువుకు ఆటనే దారిగా చెప్పింది. 2023లో అంగన్‌వాడీ టీచర్లకు ‘పోషణ్ భీ పఢాయీ భీ’ శిక్షణ వచ్చింది. శిక్షణ మంచిదే. అయితే టీచర్ మనసు మారేది తన ముందున్న పిల్లను చూసినప్పుడు.

గాంధారిలో తండాలు ఎక్కువ. లంబాడీ ఇంటి పిల్లకు యాడి, పాణి తెలుసు. అమ్మ, నీళ్లు అన్నవి కొత్త మాటలు. పలక ముందు ఆమె నోరు విప్పదు, ఏమీ రాదనుకుంటాం. అదే పిల్లను బొమ్మల వంట దగ్గర కూర్చోబెట్టండి. తన ఇంటి భాష గోర్ బోలీలో గలగలా మాట్లాడుతూ గిన్నెలు పంచుతుంది, ఒకరికి తక్కువైతే ఇంకొకరి దగ్గర తీసి ఇస్తుంది. లెక్క ఆమెకు వచ్చు, తెలుగు రావాలంతే. అది గమనించిన టీచర్ తానూ చెయ్యి చాపి “నాకూ పాణి పొయ్యి బిడ్డా, నీళ్లు పొయ్యి” అంటుంది. రెండు రోజుల్లో పిల్లే “నీళ్లు” అంటుంది. ఏ చార్టుతోనూ ఈ పని ఇంత తేలిగ్గా కాదు.

బతుకమ్మ నెలలో తంగేడు, గునుగు పూలను కుప్పలుగా విడదీసి, కింద వెడల్పుగా, పైకి సన్నగా పేర్పించినా అంతే. రంగు, వరుస, చిన్నా పెద్దా అన్నీ పిల్ల చేతికే తెలుస్తాయి.

చిన్నపిల్లల చదువు గురించి అంగన్‌వాడీలో నెలనెలా జరిగే ఈసీసీఈ డే నాడు తల్లులకు నోట్‌బుక్కులు చూపించడం మానేద్దాం. వాళ్లను ఆటలో కూర్చోబెడదాం, పిల్ల ఏం నేర్చుకుంటోందో టీచర్ పక్కనుండి చెప్పాలి. తండా తల్లులనైతే వాళ్ల భాషలో ఒక పాట పాడమని అడగాలి. సూపర్‌వైజర్లు రిజిస్టర్ల కంటే ముందు కాసేపు ఆట చూడాలి. బరువులు తూచడం, బాలామృతం పంచడం, భోజనం చూసుకోవడం, ఫోన్‌లో పోషణ్ ట్రాకర్ యాప్ నింపడం అన్నీ ఆ ఒక్క టీచర్ మీదే ఉన్నాయి. కనీసం పొద్దున పూట ఆ ఫోన్ పని ఆమెకు పెట్టకండి.